కాలరు కింది పచ్చ

సైనిక్‌పురి. రెండో అంతస్తు, ఉత్తరపు కిటికీ.
బల్ల మీద తొమ్మిది మంది సైనికులు,
ఒక్కొక్కడు నా చూపుడువేలి కణుపున్నరంత.
దగ్గుమందు సీసాల మూతల మీద జిగురు ముద్దతో అతుక్కుని
ఇంకా ఏ దేశానికీ చెందకుండా
ప్రైమరు బూడిదలో నిలబడి ఉన్నారు.

ఈ వారం పని, పచ్చ తేల్చడం.

ముందు ఇంగ్లండు డబ్బా.
మూత తీస్తే తోడుకున్న పెరుగులా నిండుగా ఉంటుంది,
ఒక్క పూతకే కింది బూడిదను మింగేస్తుంది.
ఆ మూతే, ఎప్పుడూ సరిగ్గా పడి చావదు.
ఏప్రిల్‌లో ఒక్క రాత్రి మరిచిపోయానా
తెల్లారేసరికి మీగడ, మర్నాటికి రబ్బరు.
నాలుగొందల రూపాయల రబ్బరు.

స్పెయిన్ సీసాకి ముక్కుంది.
చుక్క అడిగితే చుక్కే ఇస్తుంది, కిరాణా కొట్టు కోమటిలా.
కానీ ఊపాలి. చెయ్యి పీకేదాకా ఊపాలి.
లోపల బేరింగు గుండొకటి వేశాను,
నేరేడ్‌మెట్ సైకిల్ షాపు యాదన్న ఊరికే ఇచ్చింది.
అది టకటకమంటే కింది వాటాలో కుక్క లేస్తుంది.

ఇక కోఠీలో కొన్నది, అరవై రూపాయలు,
బడిపిల్లల చార్టుల కోసం పుట్టిన రంగు.
తక్కువ చేసి మాట్లాడను.
నా మొదటి పటాలం మొత్తం దానితోనే యుద్ధానికి పోయింది.
నీళ్లు కలిపితే పాలలా విరుగుతుంది,
కలపకపోతే మొహంలో ముక్కు మాయం.
మూడు పూతలు, మధ్యమధ్య చాయ్.
ఆరాక వానలో తడిసిన బకెట్‌లా మెరుస్తుంది.

తౌఫీక్ ఓటు డబ్బాకే.
ఆదివారం ఆటకి వాడికి నలభై మంది కావాలి,
మూడడుగుల దూరం నుంచి బాగుంటే చాలంటాడు.
నాది మూడంగుళాల చూపు.

టిఫిన్ డబ్బా మూతలో తడి టిష్యూ, పైన బటర్ పేపరు,
దాని మీద మూడు పచ్చలూ పక్కపక్కన పెట్టి చూస్తుంటే
నీళ్ల ట్యాంకరు డబ్బుల కోసం ఇంటాయన వచ్చారు.
సాయిలు గారు, రిటైర్డు సుబేదారు.
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
వంగి, నా పటాలాన్ని తనిఖీ చేశారు.
నవ్వుతారనుకున్నాను.
"వీని బూట్లకు లేసులేవి?"
కాసేపాగి,
"పచ్చ... ఈ మూడిట్ల ఒక్కటి గూడ కాదు."

కిందికి వెళ్లి ఒక చొక్కా తెచ్చారు.
కలరా ఉండల వాసన. మడత విప్పి కిటికీ దగ్గర పట్టుకున్నారు.
"గిదీ పచ్చంటే."

ఏది?
భుజాల మీద ఎండ తిని గడ్డిరంగు.
మోచేతుల దగ్గర అరిగి అరిగి చాయ్ రంగు.
చంకలో ఉప్పు గీత.
జేబు పైన పేరు పట్టీ ఊడదీసిన చోట
వేలెడంత కొత్త బట్ట,
నిన్న సంతకం పెట్టి తీసుకున్నట్టు.

ఎక్కడ తొడిగారని నేనడగలేదు.
నా మూడొందలు లెక్కపెట్టకుండానే జేబులో వేసుకుని
"పొద్దుగూకేదాంక ఉంచుకో" అని వెళ్లారు.

పేరు పట్టీ చోటికి డబ్బా పచ్చ అచ్చంగా కుదిరింది.
స్పెయిన్ పచ్చలో ఇసుకరంగు చుక్క కలిపితే భుజం.
మోచేతికి రెండూ ఓడిపోయాయి.
కోఠీ పచ్చ, ఆ విరిగిన పాలే,
పట్టాల్సిన చోట పట్టక, వదిలిన చోట వదిలి
మోచెయ్యి దానంతటదే అయింది.

కాలరెత్తి చూశాను.
అక్కడొక పచ్చ ఉంది, మెడ చెమటా చాకలి సోడా కలిసినది.
దాని కోసం రెండు గంటలు, పదకొండు మిశ్రమాలు.
రాలేదు.
కాలర్లన్నీ దించే ఉంచాను.

చీకటి పడేవేళ ఆయన చొక్కా కోసం వచ్చేసరికి
సున్నా నంబరు బ్రష్షుతో ఒకడికి లేసులు వేశాను.
ఒకటి ఊడి ఉంది. చెయ్యి వణికింది, అంతే.
భూతద్దం అడిగి తీసుకుని చాలాసేపు చూశారు.
"లేసు ఊడితె పరేడ్ల పనిష్మెంటు పడ్తది వీనికి"
అన్నారు.
అని, వేలి కొసతో మెల్లిగా
వాణ్ణి వెనక వరసలోకి జరిపారు.